లదేణి నుంచి లెక్కల పుస్తకం దాకా

(సేవాలాల్ మహరాజ్ జయంతి సందర్భంగా సికింద్రాబాద్‌లో జరిగిన యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా మేమెవరమో చెప్తాం. మేము ముగ్గురం. ఒకరిది మహబూబాబాద్ వైపు తండా, ఒకరిది దేవరకొండ వైపు, ఇంకొకరిది నారాయణఖేడ్ వైపు. ముగ్గురం సికింద్రాబాద్‌లోని ఒక పెద్ద చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థలో, ట్యాక్స్ విభాగంలో ఆర్టికల్‌షిప్ చేస్తున్నాం. వారాసిగూడలో ఒకే గదిలో ఇద్దరం, లేడీస్ హాస్టల్‌లో ఒక చెల్లె. ఈ ప్రసంగం ముగ్గురం కూర్చొని రాసుకున్నాం, చదివేది మాత్రం ఒకరం.

డాక్టర్ ఎట్లా కావాలి, ఇంజినీర్ ఎట్లా కావాలి, గ్రూప్స్‌కు ఎట్లా చదవాలి, ఎస్సై పరీక్షకు ఎట్లా పరుగెత్తాలి అని మీకు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. పన్నుల పని గురించి చెప్పేవాళ్ళు తక్కువ. అందుకే సంఘం పెద్దలు మమ్మల్ని పిలిచి, "మీరు ఆ ఆఫీసులో చేసే పని ఏందో పిల్లలకు అర్థమయ్యేటట్టు చెప్పండి" అన్నారు. మా మాట ఒకటే. ఈ పని నేర్చుకున్నవాడికి బతుకుదెరువు దొరుకుతుంది, నిజమే. దానికంటే ముందు, ఇది తండాకు అవసరమైన చదువు. ఇది తెలిసినవాళ్ళు మనలో లేక ఇవాళ కూడా మన ఇండ్లల్లో డబ్బు పోతున్నది. ఎట్లా పోతున్నదో మేము కళ్ళారా చూసినవి చెప్తాం.

మనకు లెక్క కొత్త కాదు

మన తాతముత్తాతలు లదేణి చేసినోళ్ళు. ఎద్దుల వీపు మీద ఉప్పు, ధాన్యం వేసుకొని తీరం నుంచి దక్కన్‌కు, దక్కన్ నుంచి ఉత్తరానికి నడిచినోళ్ళు. లంబాడీ, లమాణి అనే పేర్లు లవణం నుంచే వచ్చాయని చెప్పే పండితులు ఉన్నారు. 1799లో శ్రీరంగపట్నం మీదకు, 1803లో మరాఠాల మీదకు పోయిన ఇంగ్లీషు సైన్యాలకు ధాన్యం మోసినవాళ్ళలో బంజారాలు ముఖ్యులు. ఆ సైన్యాన్ని నడిపిన వెల్లెస్లీ రాసిన ఉత్తరాల్లో "బ్రింజారీ"ల మాట పదే పదే కనిపిస్తుంది. అన్ని ఎద్దుల మందను నడపాలంటే ఎన్ని గోనెలు ఎక్కాయి, ఎన్ని దిగాయి, దారిలో సుంకం ఎంత పోయింది, చివరికి ఎంత మిగిలింది అనే లెక్క నాయక్ నోటి మీద ఉండాలి. లేకపోతే తండా అంతా పస్తే.

తర్వాత కాలం తిరగబడింది. ఉప్పు మీద సర్కారు పన్ను, సర్కారు గుత్తాధిపత్యం పెరిగాయి. రైలు వచ్చింది. మనం ఇప్పుడు కూర్చున్న ఈ సికింద్రాబాద్‌కు వాడి నుంచి రైలు దారి 1874లో తెరిచారు. రైలు ముందు ఎద్దు నిలవలేదు. 1871లో బ్రిటిష్ వాళ్ళు తెచ్చిన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తిరిగి బతికే జాతుల మీద నేరస్తుల ముద్ర వేసింది. ఆ చట్టం రద్దయ్యేసరికి 1952 వచ్చింది. ఈలోగా తండాలు ఒకచోట నిలిచి భూమి దున్నడం మొదలుపెట్టాయి. అప్పటి నుంచి లెక్క రాసే చెయ్యి పట్వారీది, షావుకారిది అయింది. మన చెయ్యి వేలిముద్ర దగ్గర ఆగిపోయింది.

ఈ బాధ మనొక్కళ్ళదే అనుకోవద్దు. 1879లో రంప కొండల్లో తిరుగుబాటు లేవడానికి ఒక కారణం కల్లు మీద వేసిన చిగురుపన్ను. నిజాం రాజ్యంలో అడవిలో పశువుల మేతకు, కట్టెలకు పన్ను అడిగితే కొమురం భీం ఎదురు తిరిగి 1940లో జోడేఘాట్‌లో ప్రాణం ఇచ్చాడు. గిరిజనుల ఇండ్లల్లో పన్ను అనే మాట వింటే పెద్దవాళ్ళు ఇప్పటికీ ఎందుకు ఉలిక్కిపడతారో అర్థం చేసుకోవాలంటే ఈ చరిత్ర తెలియాలి. మేము ట్యాక్స్ ఆఫీసులో చేరుతున్నామని చెప్పినప్పుడు తండాలో ఒక అవ్వ అడిగింది: "మన దగ్గర వసూలు చేసే నౌకరా బేటా?" కాదవ్వా, ఎంత కట్టాలో, ఎంత కట్టక్కర్లేదో చెప్పే పని అన్నాం. "అట్లయితే మంచిదే" అన్నది.

ఆర్టికల్‌షిప్ అంటే ఏమిటి

చార్టర్డ్ అకౌంటెంట్ కావడానికి ఏదో ఒక కాలేజీలో సీటు సంపాదించాల్సిన పని లేదు. 1949 నాటి చట్టంతో ఏర్పడ్డ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ చార్టర్డ్ అకౌంటెంట్స్ ఆఫ్ ఇండియా ఈ చదువు నడుపుతుంది, పరీక్షలు పెడుతుంది. దాని హైదరాబాద్ బ్రాంచి రెడ్ హిల్స్‌లో ఉంది. ఇంటర్ పాసైనవాళ్ళు ఫౌండేషన్ రాయాలి, తర్వాత ఇంటర్మీడియెట్, చివరికి ఫైనల్. డిగ్రీలో కామర్స్ చదివి 55 శాతం వచ్చినవాళ్ళు, వేరే డిగ్రీలో 60 శాతం వచ్చినవాళ్ళు ఫౌండేషన్ లేకుండా నేరుగా ఇంటర్మీడియెట్‌లో చేరవచ్చు. మన కాలేజీ ఇంటర్‌కూ దీనికీ పేరు ఒకటే, చదువు వేరు. దీంట్లో రెండు గ్రూపులు, ఆరు పేపర్లు ఉంటాయి. ప్రతి పేపర్‌లో 40, గ్రూపు మొత్తం మీద 50 శాతం రావాలి.

రెండు గ్రూపులు గట్టెక్కి, ఇన్‌స్టిట్యూట్ చెప్పిన శిక్షణ పూర్తి చేశాక, ప్రాక్టీసులో ఉన్న ఒక సీఏ దగ్గర శిష్యరికం చేయాలి. అదే ఆర్టికల్‌షిప్. 2023 జూలైలో వచ్చిన కొత్త పథకానికి ముందు ఇది మూడేళ్ళు. ఇప్పుడు రెండేళ్ళు. కుమ్మరి, కమ్మరి పిల్లలు పెద్దల పక్కన కూర్చొని పని నేర్చుకున్నట్టే ఇది. పుస్తకంలో చదివిన సెక్షన్ ఒక మనిషి జేబు మీద ఎట్లా పని చేస్తుందో ఇక్కడ కనిపిస్తుంది.

ఇంకో దారి కూడా చెప్పాలి. హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు డెలాయిట్, ఈవై, కేపీఎంజీ, పీడబ్ల్యూసీ లాంటి పెద్ద సంస్థలకు కార్యాలయాలున్నాయి. అక్కడా, ఇంకా చాలా కంపెనీల్లోనూ అమెరికా వాళ్ళ పన్ను రిటర్నులు తయారుచేసే పని నడుస్తుంది. ఏప్రిల్ 15 గడువు కాబట్టి జనవరి నుంచి ఒత్తిడి మొదలవుతుంది. బీకాం, ఎంకాం చదివినవాళ్ళను కూడా ఆ పనికి తీసుకుంటారు. ఎన్‌రోల్డ్ ఏజెంట్ అనే మూడు పేపర్ల పరీక్ష రాస్తే విలువ పెరుగుతుంది. సీఏ ఫైనల్ దాకా పోలేకపోయినవాడి చదువు వృథా కాదని చెప్పడానికే ఈ మాట.

మేము రోజూ చేసే పని

మొదటి నెలల్లో పెద్ద పనేమీ ఇవ్వరు. బిల్లులు తేదీల వారీగా సర్దడం, బ్యాంకు స్టేట్‌మెంట్‌తో పుస్తకం సరిపోల్చడం, ఎక్సెల్ షీట్‌లో వేల వరుసలు చూడడం. విసుగొస్తుంది. కానీ ఒక రూపాయి ఎక్కడి నుంచి వచ్చి ఎక్కడికి పోయిందో పట్టుకునే కన్ను అక్కడే తయారవుతుంది.

తర్వాత క్యాలెండర్ ఒంటికి పడుతుంది. ప్రతి నెల 7వ తేదీకి కంపెనీలు కోసిన టీడీఎస్ సర్కారుకు కట్టాలి. 11న జీఎస్టీ అమ్మకాల రిటర్ను, 20న నెల పన్ను రిటర్ను. జూన్, సెప్టెంబర్, డిసెంబర్, మార్చి నెలల 15న అడ్వాన్స్ ట్యాక్స్. జీతగాళ్ళ రిటర్నులకు జూలై 31. సెప్టెంబర్ చివరికి ట్యాక్స్ ఆడిట్ రిపోర్టులు. ఇన్‌స్టిట్యూట్ నిబంధన ప్రకారం ఆర్టికల్ విద్యార్థికి వారానికి 35 గంటల పని. సెప్టెంబర్‌లో ఆ గంటలు ఎవరికీ గుర్తుండవు. ఆఖరి బస్సు పోయాక ఆటోలో ముగ్గురం పంచుకొని ఇంటికి పోయిన రాత్రులు చాలా ఉన్నాయి.

నోటీసులకు జవాబులు రాయడం మాకు నచ్చిన పని. 2020 నుంచి ఆదాయపు పన్ను అసెస్‌మెంట్లు చాలావరకు ఫేస్‌లెస్ పద్ధతిలో నడుస్తున్నాయి. ఆ అధికారి ఏ ఊళ్ళో ఉన్నాడో మనకు తెలియదు, మనల్ని ఆయన చూడడు. ప్రశ్న కంప్యూటర్‌లో వస్తుంది, జవాబు కంప్యూటర్‌లోనే పోవాలి. మనిషిని చూసి, ఇంటిపేరు చూసి కొలిచే పద్ధతి అక్కడ లేదు. కాగితం మీద రాసిన వాక్యం గట్టిగా ఉందా, దాని వెనుక రుజువు ఉందా, అంతే. ఈ సంగతి మన పిల్లలకు ధైర్యం ఇవ్వాలి. కాకపోతే ఆ వాక్యం ఇంగ్లీషులో రాయడం రావాలి. దాని గురించి తర్వాత చెప్తాం.

"మనం ఎస్టీలం, మనకు ట్యాక్స్ ఉండదు"

తండాకు పోయిన ప్రతిసారీ వినే మాట ఇది. ఉద్యోగస్తులు కూడా అంటారు. దీంట్లో సగం నిజం ఉంది కాబట్టే బతుకుతున్నది.

1961 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 10(26) అని ఒకటుంది. షెడ్యూల్డ్ తెగల వారికి ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చే సెక్షన్ అదే. కానీ అది ఎవరికి? అరుణాచల్ ప్రదేశ్, మణిపూర్, మిజోరం, నాగాలాండ్, త్రిపుర రాష్ట్రాల్లో, రాజ్యాంగం ఆరో షెడ్యూల్‌లోని ప్రాంతాల్లో, లడఖ్ ప్రాంతంలో నివసించే తెగలకు. అదీ అక్కడ సంపాదించిన ఆదాయానికే. డివిడెండ్లు, సెక్యూరిటీల మీద వడ్డీ మాత్రం ఎక్కడి నుంచి వచ్చినా మినహాయింపే. ఆదిలాబాద్, ములుగు, భద్రాచలం లాంటి మన దగ్గరి ఏజెన్సీలు ఐదో షెడ్యూల్ కిందికి వస్తాయి. ఐదుకూ ఆరుకూ మధ్య ఒక్క అంకె తేడా. ఆ అంకె తెలియక ఏళ్ళ తరబడి రిటర్ను వేయనివాళ్ళు ఉన్నారు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టంలో కూడా మన ప్రాంతం ఆ జాబితాలో చేరలేదు.

మరి మనకు ఏమున్నాయి? అందరికీ ఉన్నవే మనకూ ఉన్నాయి. అవి తెలుసుకుంటే చాలు. వ్యవసాయం మీద వచ్చిన ఆదాయానికి కేంద్రం పన్ను లేదు, అయితే జీతం కూడా ఉన్నవాళ్ళు దాన్ని రిటర్నులో చూపాలి. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా మామూలు ఆదాయం ఉన్నవాళ్ళకు రిబేటు వల్ల పన్ను పడదు. జీతగాళ్ళకు 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కలిపితే అది 12 లక్షల 75 వేలు. పీఆర్సీ బకాయిలు ఒకేసారి చేతికొచ్చి ఆ ఏడాది పన్ను ఎక్కువ పడితే, ఆ బకాయిలు ఏ ఏడాదివో ఆ ఏడాదికి లెక్కగట్టి ఉపశమనం అడగవచ్చు. 1961 చట్టం కింద దానికి రిటర్ను కంటే ముందు ఫారం 10ఈ వేయాలి. ఆ ఫారం వేయక ఉపశమనం పోగొట్టుకున్న టీచర్లు మా చుట్టాల్లోనే ఉన్నారు. భర్త పోయి ఫ్యామిలీ పెన్షన్ మీద బతికే యాడీలకు కూడా ఆ పెన్షన్‌లో మూడో వంతు, కొత్త విధానంలో గరిష్ఠంగా 25 వేలు తగ్గింపు ఉంది. ఈ నాలుగు ముక్కలు తండాలో ఒక్కరికి తెలిసినా ఎంతోమందికి పనికొస్తాయి.

డీసీఎం లెక్క

తాతలు ఎద్దుల మీద మోశారు. ఇప్పుడు మన అన్నదమ్ములు డీసీఎంల మీద మోస్తున్నారు. అప్పు చేసి బండి కొని, ఏదో కంపెనీకి కిరాయికి పెట్టినవాళ్ళు ప్రతి తండాలో ఉన్నారు. వాళ్ళ లెక్క ఒకటి చెప్తాం, శ్రద్ధగా వినండి.

ఏడాదికి ఒక కంపెనీ 6 లక్షల కిరాయి ఇచ్చిందనుకోండి. మామూలుగా కంపెనీ 1 శాతం టీడీఎస్, అంటే 6 వేలు కోస్తుంది. బండి యజమాని పాన్ ఇవ్వకపోతే 20 శాతం కోయాలి. అంటే 1 లక్ష 20 వేలు. ఇక మూడో దారి. పది లేదా అంతకంటే తక్కువ సరుకు బండ్లు ఉన్న యజమాని, ఆ సంగతి ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టి, పాన్ నంబరుతో కంపెనీకి ఇస్తే ఏమీ కోయక్కర్లేదు. సున్నా. 1961 చట్టంలో సెక్షన్ 194సీ ఆరో ఉపసెక్షన్ ఈ మాట చెప్తుంది. ఒక్క కాగితం విలువ లక్షా ఇరవై వేలు.

పోయిన డబ్బు తిరిగి రాదా అంటే, పాన్ లేకుండా కోసిన టీడీఎస్ ఎవరి ఖాతాలోనూ కనిపించదు. ఆ కంపెనీ తన టీడీఎస్ రిటర్నును సవరించి మన పాన్ పెడితేనే మనకు వస్తుంది. ఏడాది గడిచాక ఆ కంపెనీ గుమాస్తా వెంట ఎవరు తిరుగుతారు? మాలో ఒకరి మేనమామకు ఇదే జరిగింది. సవరణ చేయించడానికి ఏడు నెలలు పట్టింది. చేయించింది మేమే.

ఇంకో సంగతి. పది బండ్ల లోపు ఉన్నవాళ్ళు లావుపాటి లెక్కల పుస్తకాలు రాయక్కర్లేకుండా సెక్షన్ 44ఏఈ కింద అంచనా ఆదాయం చూపించవచ్చు. 12 టన్నులు దాటని బండికి నెలకు 7,500, అంటే ఏడాదికి 90 వేలు. ఒక్క బండి మీదే బతికేవాడికి అంత ఆదాయం మీద పన్నే పడదు. అయినా రిటర్ను వేస్తే లాభం ఉంది. రేపు రెండో బండికి బ్యాంకు లోను అడిగితే మొదట అడిగేది రిటర్నులే. రిటర్ను లేనివాడు నూటికి మూడు, నాలుగు వడ్డీకి ప్రైవేటు ఫైనాన్స్ దగ్గరికి పోతాడు. కొత్త చట్టంలో సెక్షన్ల నంబర్లు మారుతున్నాయి. నంబర్లు మారినప్పుడు మనవాళ్ళకు చెప్పే మనిషి మరింత అవసరం.

భూమి పోయినప్పుడు

ప్రాజెక్టుల కింద, రోడ్ల కింద భూమి పోవడం తండాలకు తెలిసిన బాధే. పరిహారం చేతికి వచ్చిన రోజు ఎవరెవరో వస్తారు. "దీంట్లో ట్యాక్స్ కట్టాలి, నేను చూసుకుంటా, ఇంత ఇయ్యి" అనేవాడు కూడా వస్తాడు.

2013 భూసేకరణ చట్టంలోని సెక్షన్ 96 ప్రకారం ఆ చట్టం కింద వచ్చిన అవార్డు మీద ఆదాయపు పన్ను లేదు. కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2016 అక్టోబర్ 25న 36వ నంబరు సర్క్యులర్‌లో ఈ విషయం స్పష్టంగా చెప్పింది. అందుకే పరిహారం కాగితం మీద ఏ చట్టం కింద ఇచ్చారో మొదట చూడాలి. ఆలస్యం అయినందుకు ఇచ్చే వడ్డీ లెక్క వేరు, దానికి తెలిసినవాళ్ళ సలహా అడగాలి.

సొంతంగా అమ్ముకున్న భూమి లెక్క ఇంకోటి. పల్లెలోని వ్యవసాయ భూమి అమ్మితే మూలధన లాభం పన్ను పడదు. పల్లె అంటే ఎంత దూరం? జనాభా 10 వేలు దాటి లక్ష లోపు ఉన్న మున్సిపాలిటీకి 2 కిలోమీటర్లు, లక్ష దాటి 10 లక్షల లోపయితే 6, 10 లక్షలు దాటితే 8 కిలోమీటర్ల అవతల ఉండాలి. హైదరాబాద్ చుట్టుపక్కల తండాల వాళ్ళకు ఈ కిలోమీటర్లే లక్షల తేడా తెస్తాయి. అమ్మకముందు కొలుచుకోవాలి. అమ్మిన తర్వాత కొలిచి లాభం లేదు.

రీఫండ్ అడిగే చుట్టాలు

ఇప్పుడు కష్టమైన సంగతి. మేము ట్యాక్స్ ఆఫీసులో ఉన్నామని తెలిసినప్పటి నుంచి ఫోన్లు మొదలయ్యాయి. "మా ఆఫీసులో ఒకనికి అరవై వేల రీఫండ్ తెప్పించిండంట ఏజెంటు. నువ్వు పెద్ద ఆఫీసుల ఉండి తెప్పియ్యలేవారా?" అని ఒక బావ. ఆ అరవై వేలు ఎట్లా వచ్చాయి? కట్టని ఇంటి అద్దె, ఇవ్వని పార్టీ విరాళం, ఇంట్లో లేని వికలాంగుడి పేరు. ఏజెంటు తన వాటా తీసుకొని పోతాడు. పాస్‌వర్డ్ కూడా అతని దగ్గరే ఉంటుంది. సంతకం మాత్రం మనది.

చట్టం ఏమంటుందంటే, ఆదాయాన్ని తప్పుగా చూపితే ఎగ్గొట్టిన పన్నుకు 200 శాతం జరిమానా. 50 వేలు ఎగ్గొడితే ఆ 50 వేలు, దాని మీద వడ్డీ, పైన లక్ష జరిమానా. పార్టీ విరాళం నిజంగా ఇచ్చారా అని పార్టీ ఖాతాతో, అద్దె నిజమా అని యజమాని పాన్‌తో కంప్యూటరే పోల్చి చూస్తుంది.

మేము చేయమని చెప్పాం. బావకు కోపం వచ్చింది. "మనోడివై ఉండి మనోళ్ళకు సాయం చెయ్యవా, ఎందుకు నీ చదువు" అన్నాడు. ఒక పెళ్ళిలో పలకరించలేదు. ఆ మాట మమ్మల్ని చాలా రోజులు గుచ్చింది. ముగ్గురం గదిలో కూర్చొని ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. మనవాళ్ళకు ఇన్నేళ్ళు జరిగిన అన్యాయం ముందు ఇది ఎంత అనే ఆలోచన మాకూ వచ్చింది. కానీ రేపు నోటీసు వస్తే కట్టాల్సింది ఆ ఇంటి మనిషే. తప్పుడు కాగితం మీద వేలిముద్ర వేయించిన షావుకారికీ, తప్పుడు రిటర్ను మీద ఓటీపీ చెప్పించుకున్న ఏజెంటుకూ తేడా ఏముంది? ఆ పని మన చదువుతో మనమే చేయడం కంటే, పెళ్ళిలో పలకరింపు లేకపోవడమే నయం అనుకున్నాం.

ఇప్పటికే అట్లా రిటర్ను వేయించుకున్నవాళ్ళు ఈ సభలో ఉంటే భయపడకండి. నోటీసు రాకముందే అప్‌డేటెడ్ రిటర్ను వేసి, తీసుకున్నది తిరిగి కట్టవచ్చు. మొదటి ఏడాదిలో అయితే పన్ను, వడ్డీల మీద 25 శాతం అదనం. ఆలస్యం చేసినకొద్దీ అది పెరుగుతుంది.

కష్టాలు దాచం

డబ్బు మొదటి కష్టం. ఆర్టికల్ విద్యార్థికి ఇచ్చేది జీతం కాదు, స్టయిపెండ్. ఇన్‌స్టిట్యూట్ కనీస మొత్తం నిర్ణయించింది, పెద్ద సంస్థలు కొన్ని అంతకంటే ఎక్కువ ఇస్తాయి. అయినా గది అద్దె, తిండి, పరీక్ష ఫీజులు కలిపితే ఇంటి నుంచి కొంత రావాల్సిందే. ఇంట్లో వాళ్ళతో ముందే కూర్చొని రెండేళ్ళ ఖర్చు లెక్క వేసుకోండి.

రెండోది మాటలు. మేము ఇప్పుడున్న చోటికి రాకముందు ఇంకో చోట ఇంటర్వ్యూలో, "మీకు రిజర్వేషన్ ఉద్యోగాలు ఉంటాయి కదా, ఇటెందుకు వచ్చారు?" అని ఒకాయన అడిగాడు. 40 శాతం, 50 శాతం అందరికీ ఒకటే, అవి దాటే వచ్చాం సార్ అని మా చెల్లె చెప్పింది. అక్కడ ఉద్యోగం రాలేదు. ఆ జవాబు మాత్రం మాకు ఇప్పటికీ పనికొస్తున్నది.

మూడోది భాష. ఇంట్లో గోర్ బోలి, బడిలో తెలుగు, ఆఫీసులో ఇంగ్లీషు. మేము ఒక నోటుపుస్తకం పెట్టుకున్నాం. ఒక పక్క ఇంగ్లీషు మాట, పక్కన తెలుగు, దాని పక్కన తండాలో యాడికి ఎట్లా చెప్పాలో. డిప్రిసియేషన్ అంటే ఎద్దు ముసలిదవుతుంటే దాని ధర ఏటేటా తగ్గడం. టీడీఎస్ అంటే గింజలు ఇంటికి చేరకముందే కల్లంలోనే వాటా కొలుచుకొని పోవడం. రీఫండ్ అంటే ఎక్కువ కొలుచుకున్న గింజలు తిరిగి తెచ్చుకోవడం. అట్లా రాసుకున్న మాట మళ్ళీ మరిచిపోలేదు. యాడికి అర్థమయ్యేటట్టు చెప్పగలిగితే పరీక్షలో కూడా రాయగలుగుతాం. మన భాషను పక్కన పెట్టాల్సిన పని లేదు.

ఇక చేయాల్సినవి

మొదటిది పేర్లు. మన ఇంటిపేర్లు ఒక కాగితం మీద ఒక తీరుగా ఉండవు. ఆధార్‌లో ధరావత్, పాన్‌లో దారావత్, బ్యాంకులో నాయక్. పేరు కలవకపోతే పాన్, ఆధార్ అనుసంధానం కాదు. అనుసంధానం కాని పాన్‌లు 2023 జూలై నుంచి పని చేయడం లేదు. పని చేయని పాన్ ఉన్నా లేనట్టే, మళ్ళీ ఆ 20 శాతం కోత. ఇవాళ ఇంటికి పోయి ఇంట్లో అందరి కార్డులు పక్కపక్కన పెట్టి చూడండి. డిగ్రీ అక్కర్లేదు, ఫోన్ చాలు.

రెండోది పంచాయతీ. 2018 పంచాయతీరాజ్ చట్టంతో ఎన్నో తండాలు గ్రామ పంచాయతీలయ్యాయి. మన తండా మన రాజ్యం అన్నాం. ఆ పంచాయతీ కాంట్రాక్టరుకు బిల్లు కడితే టీడీఎస్ కోసి సర్కారుకు జమ చేయాలి. పని విలువ రెండున్నర లక్షలు దాటితే జీఎస్టీ టీడీఎస్ కూడా. జమ కాకపోతే నోటీసు పంచాయతీ పేరు మీద వస్తుంది. మన సర్పంచి పక్కన లెక్క తెలిసిన మనవాడు ఒకడు ఉండాలి.

మూడోది శిబిరం. రాబోయే జూలైలో నాలుగు ఆదివారాలు మేము ముగ్గురం సంఘం ఆఫీసులో కూర్చుంటాం. జీతం ఉన్నవాళ్ళు ఫారం 16, బండి ఉన్నవాళ్ళు కిరాయి కాగితాలు, పెన్షన్ ఉన్నవాళ్ళు బ్యాంకు పాస్‌బుక్ తెచ్చుకోండి. డబ్బు తీసుకోం. తప్పు లెక్క రాయం. చదువుకునే పిల్లలు నలుగురైదుగురు పక్కన కూర్చుంటే వాళ్ళకు పని నేర్పుతాం.

నాలుగోది మీరు. గురుకులాల్లో సీఈసీ, ఎంఈసీ తీసుకున్న పిల్లల్ని చూసి "సైన్సు రాలేదా" అని జాలి పడే అలవాటు మానుకుందాం. ఒక్కో తండా నుంచి ఇద్దరు కామర్స్ వైపు రావాలి. ఒకడు సీఏ కావచ్చు, ఒకడు కంపెనీలో అకౌంటెంట్ కావచ్చు, ఇంకొకడు అమెరికా రిటర్నులు వేయవచ్చు. ఎవరైనా సరే, తండాకు పోయినప్పుడు ఒక యాడి తెచ్చిన కాగితం చదివి, "ఇది కట్టాలి, ఇది కట్టక్కర్లేదు" అని ధైర్యంగా చెప్పగలగాలి.

ప్రశ్నలుంటే భోజనాల దగ్గర అడగండి, మేము సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాం. బండి ఉన్న అన్నలు మాత్రం ఆ ఒక్క కాగితం నమూనా తీసుకోకుండా పోవద్దు, ద్వారం దగ్గర బల్ల మీద పెట్టాం.